ఎర్రచుక్క

సరిగ్గా ఇరవయ్యో నిమిషంలో ఆంప్లిఫయర్ గొంతు తగ్గింది. గరగర లేదు, చిటపట లేదు. అప్పటిదాకా గది నిండా మోగుతున్న శబ్దాన్ని ఎవరో పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసినట్టు సగమైపోయింది. ఎర్రచుక్కమ్మ గోడ గడియారం వంక చూసింది. తొమ్మిదీ యాభై. నిన్న సాయంత్రం కూడా ఇదే వరస.

"మొండిదానివే నువ్వు," అంది దానితో. "నేను నీకు అక్కని."

ఆమె ఎడమ చెయ్యి ఆప్రాన్ జేబులో పిడికిలి బిగించి ఉంది. కుడి చేతిలో చెక్క గరిటె కాడ. గరిటె ఎప్పుడో విరిగిపోయింది గాని, కాడ మాత్రం ముప్పై ఒక్కేళ్ళుగా ఈ బల్లమీదే బతుకుతోంది. గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫయర్‌ని విప్పి, కరెంటు పారుతుండగా లోపల వెతకాలంటే రెండో చెయ్యి జేబులో ఉండి తీరాలి. రెండు చేతులూ లోపల పెట్టారో, కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోకి దిగుతుంది. ఇక అంతే సంగతులు. పద్దెనిమిదో ఏట రేడియోల ఫ్యాక్టరీలో చేరినరోజే ఈ మాట చెప్పారు ఆమెకి. ఆ అలవాటు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలో కలియబెట్టేటప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబు వెతుక్కుంటుంది. ఆప్రాన్ నాలుగుసార్లు మారింది. నాలుగింటికీ ఎడమ జేబే ముందు సాగిపోయింది.

పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. ముంజేతుల మీద సీసం చిట్లి కాలిన మచ్చలు లెక్కలేనన్ని. కళ్ళజోడు కాలు విరిగితే రాగితీగతో కట్టుకుని దానికి కూడా టంకం వేసుకుంది. వాద్యాలమ్మే ఆ షాపులో వెనకగది ఆమెది. గది అంటే గదీ కాదు, మెట్లకింద మిగిలిన జాగా. నిలబడితే తల తగలదు, ఆమెకి కాబట్టి. ఇంకెవరొచ్చినా వంగి మాట్లాడాల్సిందే. ఆ సంగతి ఆమెకి లోలోపల చాలా ఇష్టం.

ఎర్రచుక్కమ్మ అన్న పేరు వాయించేవాళ్ళు పెట్టిందే. ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. తీగకి కరిగిన సీసంతో టంకం వేశాక, ఆరనిచ్చి, లాగి చూసి, గట్టిగా ఉంటే దానిమీద ఎర్రరంగు చుక్క పెట్టాలి. చుక్క పడ్డ అతుకుని ఇక ఎవరూ ముట్టుకోకూడదు. చూసేశాం, బాగుంది, ముందుకెళ్ళు అని దానర్థం. తొమ్మిదేళ్ళకి ఫ్యాక్టరీ మూతపడింది, ఆ రంగు కూడా దొరక్కుండా పోయింది. ఆమె అలవాటు మాత్రం ఎక్కడికి పోతుంది? గోళ్ళరంగు కొనుక్కొచ్చి పెట్టడం మొదలుపెట్టింది. "గోళ్ళకి ఒక్కనాడు పెట్టుకోవు గాని తీగలకి సింగారిస్తావు," అనేవాడు మొగుడు. పాత ఆంప్లిఫయర్లు కొనేవాళ్ళు వెనకరేకు విప్పి లోపల ఎర్రచుక్కలున్నాయా అని చూసి కొంటారని చెప్పుకుంటారు. ఆ మాట ఆమె చెవిన పడి చాలా ఏళ్ళయింది, ఆ గర్వం ఇంకా దిగలేదు.

ఈ ఆంప్లిఫయర్ లోపల కూడా ఎర్రచుక్కలున్నాయి. పొద్దున్నే రేకు పెట్టెని చెక్క డబ్బాలోంచి బయటికి లాగినప్పుడు చూసింది. ఒక మూల రెండు చుక్కలు. వాటి పక్కన రేకు మీద పెన్సిలుతో తన దస్తూరీయే. తేదీ చూసి ఆమె గబుక్కున కూర్చుండిపోయింది.

"ఓసి నీ దుంపతెగ! నువ్వా!"

ఇరవై రెండేళ్ళనాటి తేదీ. ఆ ముందురోజు రాత్రి ఆమె మొగుడు వెళ్ళిపోయాడు. పోట్లాట లేదు, కేకలు లేవు. పొద్దున లేచి చూస్తే మంచానికి అవతలివైపు దుప్పటి మడత విప్పకుండానే ఉంది, మంచంకింద పెట్టె లేదు. ఆరేళ్ళ పిల్లని బడికి పంపి, ఆమె మామూలుగానే పనికొచ్చింది. ఎదురింటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది, ఇవాళ్టికైనా ఇంట్లో ఉండమని. "వెళ్ళింది ఆయన. నా చేతులకేమైంది?" అని విడిపించుకుని వచ్చేసింది. ఆ రోజు ఏడు పనులు చేసింది. ఏడింటికీ ఎర్రచుక్క పెట్టింది. ఆ రోజు నా చెయ్యి వణకలేదు అన్న మాట ఆమె జీవితంలో దూలంలాంటిది. దానిమీదే పైకప్పంతా ఆనించుకుంది. కూతురు పరీక్ష తప్పినప్పుడు అదే చెప్పింది, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు అదే చెప్పుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు చెప్పిందో ఆ పైవాడికి తెలియాలి, కూతురికి తెలియాలి.

ఆ ఏడింటిలో ఒకటి ఇప్పుడు తిరిగొచ్చింది. ఎంతమంది చేతులు మారిందో ఏమో.

పదిన్నరకి చిన్నయజమాని వచ్చాడు. పెద్దాయన పోయాక షాపు కొడుకుది. ముప్పై ఆరేళ్ళవాడు, మర్యాదస్తుడే. చేతిలో కొలిచే టేపు ఉంది.

"పిన్నీ, కొంచెం జరుగుతావా? గోడ కొలవాలి."

"నేనున్నంతసేపూ ఈ గోడ నాది. రేపు కొలుచుకో."

"రేపు పొద్దున్నే వడ్రంగి వచ్చేస్తాడు పిన్నీ."

"వడ్రంగి దగ్గర టేపు ఉండదా ఏం?"

వాడు నవ్వబోయి మానేశాడు. రేపట్నుంచి ఈ బల్ల ఉండదు. ఇక్కడ అద్దాల అరలు వస్తాయి, వాటిలో చెవుల్లో పెట్టుకుని పాటలు వినే సరుకు వస్తుంది. నెల కిందటే చెప్పాడు, తల వంచుకుని, గోళ్ళు చూసుకుంటూ. ఈ బల్లకిందే ఆడుకుంటూ పెరిగిన పిల్లాడు. ఏడేళ్ళప్పుడు మేకు తీసుకెళ్ళి ప్లగ్గు కన్నంలో పెట్టబోతే ఎర్రచుక్కమ్మ ఈడ్చి చెంపమీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ పుణ్యమా అనే ఇవాళ టేపు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ ఆంప్లిఫయర్ గిటారాయన్ని ఆరింటికి రమ్మన్నాను," అన్నాడు. "చీటీ మీద బాగుపడదని రాసెయ్. ఆయన కోసం కొత్తదొకటి పక్కన పెట్టించా. పాపం ఆయనకీ రోజూ ఈ తలనొప్పెందుకు?"

"బాగుపడుతుంది."

"ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేశారు పిన్నీ."

"వాళ్ళు చేతులెత్తుతారు. నేను ఒక చెయ్యి జేబులో పెట్టుకుంటా."

"సరే, ఆరింటిదాకా చూడు. ఆ తర్వాత మాత్రం సంతకం పెట్టేయాలి. ఇదొక్కటీ తేలిపోతే అంతా శుభ్రంగా ఉంటుంది."

చీటీని బల్లమీద పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద గరిటె కాడ పెట్టి వెళ్ళాడు. చీటీలో కింద రెండు గళ్ళుంటాయి. బాగైంది. బాగుపడదు. ముప్పై ఒక్కేళ్ళలో రెండో గడిలో ఎర్రచుక్కమ్మ ఒక్కసారి కూడా టిక్కు పెట్టలేదు. అన్నీ బాగుచేసిందా అంటే, అనకూడదు గాని, లేదు. లొంగనివాటికి రెండు గళ్ళకీ మధ్య 'ఇంకా చూడాలి' అని రాసి బల్లకింద తోసేసేది. ఆ గుట్ట మోకాళ్ళ ఎత్తు పెరిగింది. పోయినవారం చిన్నయజమాని ఆమె సెలవు పెట్టినరోజు చూసి మొత్తం ఊడ్పించాడు. ఇప్పుడు బల్లకింద ఖాళీ. తోసెయ్యడానికి చోటుంది గాని, రేపటికి బల్లే లేదు. ఇవాళ ఆరింటికి ఏదో ఒక గడిలో గీత పడాలి. ఇంతకాలం రాయని మాట ఆఖరిరోజున, అదీ ఆ రోజున తన చేత్తో చేసిన దానిమీద, రాయడమంటే ఆమెకి చచ్చేంత అవమానం.

"రాయను," అంది చీటీతో. "ఏం చేసుకుంటావో చేసుకో."

దీంతో చిక్కేమిటంటే రోగం వేడెక్కితేగాని బయటపడదు. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతురాలు. ఇరవై నిమిషాలు కాలాక గొంతు దిగుతుంది. కాసేపు ఆపి చల్లారనిస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు మోగుతుంది. అందుకని ప్రతి పరీక్షకీ ఇరవై నిమిషాలు కాచుకోవాలి. మొదట వాల్వులు ఒక్కొక్కటే తీసి కొత్తవి పెట్టింది. మార్పు లేదు. వాల్వుల కాళ్ళు దిగే గుంటలు తుడిచింది. వైర్లు దూర్చే కన్నాలు గీకి శుభ్రం చేసింది, సగం ఆంప్లిఫయర్లకి జబ్బు అక్కడే ఉంటుంది. దీనికి లేదు. స్పీకరు మార్చి చూసింది. ప్రతి చోటా మీటరు పెట్టి చూస్తే అంకెలన్నీ ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. గొంతు తగ్గకముందు ఎంతో, తగ్గాక కూడా అంతే. ఒంట్లో జ్వరం లేదు, నాడి బాగుంది, మనిషి మాత్రం నీరసం అంటోంది.

పన్నెండు దాటాక కూతురు ఫోను చేసింది. ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం ఆ పిల్లది.

"అమ్మా, తిన్నావా?"

"తింటాలే. దొరికితే తింటా."

"ఏం దొరకాలి? ఆఖరిరోజు కూడా అదే గొడవా? అందరూ ఇవాళ నీకు దండ వేసి ఫొటో తీస్తారనుకున్నా."

"దండలెందుకే, నేనింకా పోలేదు. ఇదిగో, ఇవాళ ఏమొచ్చిందో తెలుసా? ఆ రోజు చేసిన ఏడింటిలో ఒకటి. నా తేదీ ఉంది. ఆ రోజు నా చెయ్యి..."

"అమ్మా," అంది కూతురు, నెమ్మదిగానే. "ఆ కథ ఇప్పుడొద్దు. నాకు నాలుగో వార్డులో పనుంది."

ఫోను పెట్టేశాక ఎర్రచుక్కమ్మకి కొంచెం మనసు చివుక్కుమంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. సూది పట్టుకుంటే చెయ్యి వణికిపోతోందమ్మా, ఒక ముసలాయన్ని మూడుసార్లు గుచ్చాను అని. అప్పుడూ ఈ కథే చెప్పింది. మొగుడు పోయిన మర్నాడు కూడా నా చెయ్యి వణకలేదే, నీకేమొచ్చింది అని. పిల్ల ఏడుపు ఆపేసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఏడ్చినట్టు కనబడలేదు. ధైర్యం వచ్చిందనుకుంది తల్లి.

రెండింటికి ఇంకో దారి పట్టింది. కూత పెట్టె అని ఆమె పిలుచుకునే చిన్న డబ్బా ఒకటుంది, ఆగకుండా ఒకే స్వరం పలుకుతుంది. ఆ కూతని ఆంప్లిఫయర్‌లోకి పంపి, అది లోపల ఏ మెట్టు దగ్గర సన్నబడుతోందో చెవికి గొట్టం పెట్టుకుని వింటూ వెళ్ళింది. మొదటి వాల్వు దాటేదాకా నిండుగా ఉంది. రెండో వాల్వు దగ్గర తగ్గింది. అక్కడే ఉన్నావన్నమాట! గరిటె కాడతో ఆ చుట్టుపక్కలవన్నీ తట్టింది. ఒక్కో తీగనీ, ఒక్కో అతుకునీ. అతుకు వదులైతే తట్టగానే ఉలిక్కిపడుతుంది, గొంతు ఎగిరిపడుతుంది. ఏదీ పలకలేదు.

అన్నీ తట్టింది. ఎర్రచుక్కలున్న రెండూ తప్ప. వాటి దగ్గరికొచ్చేసరికి కాడ తనంతట తానే ఎగిరి అవతలికి దాటింది. పొద్దున్నా అంతే, ఇప్పుడూ అంతే. చుక్క పడ్డాక ముట్టుకోవడం లేదు కదా! నలభై ఏళ్ళు పనిచేసిన చేతికి ఆ సంగతి ఆమె చెప్పనక్కర్లేదు.

మూడున్నరకి ఏమీ తోచక, కొత్త కండెన్సర్ ఒకటి తీసింది. వేలెడంత గొట్టం, రెండు తీగ కాళ్ళు. రెండో వాల్వు కింద అలాంటిదే పాతది ఉంది, గొంతుకి బలం ఇచ్చేది అదే. గొంతు తగ్గి ఉన్నప్పుడే, ఒక చెయ్యి జేబులో ఉంచి, ఆ పాతదాని పక్కన కొత్తదాన్ని ఊరికే ఆనించింది.

గది అదిరిపడింది. షాపు ముందున్న వాళ్ళు తలలు తిప్పి చూశారు.

తీసింది. గొంతు తగ్గింది. ఆనించింది. లేచింది.

"దొరికావు!" అంది ఎర్రచుక్కమ్మ. జేబులో పిడికిలి తొడమీద గుద్దింది. పాత కండెన్సర్ పోయింది. పోతుంది మరి, దానికీ ఆయుష్షుంటుంది, ఇరవై రెండేళ్ళంటే ఎక్కువే. అది పోవడం తన తప్పేం కాదు. కరెంటు తీసేసి, లోపల దాక్కున్న కరెంటు కూడా దిగిపోయేదాకా ఆగి, అప్పుడు రెండు చేతులూ పెట్టింది. రెండు చుక్కల్లో ఒకదాన్ని గీకేసి, ఆ కాలు దగ్గర టంకం కరిగించి ఎత్తింది. గట్టి అతుకు, ఓ పట్టాన వదల్లేదు. శభాష్ అనుకుంది. రెండు కాళ్ళకీ మీటరు తగిలించి చూసింది.

కండెన్సర్ నిక్షేపంలా ఉంది.

మీటరు బ్యాటరీ మార్చి మళ్ళీ చూసింది. నిక్షేపంలా ఉంది.

ఎర్రచుక్కమ్మ మీటరు పక్కన పెట్టి కళ్ళజోడు తుడుచుకుంది. కండెన్సర్ మంచిదే అయితే, దాని కాలు అవతల ఆనాల్సిన చోట ఆనటం లేదన్నమాట. ఇక మిగిలింది రెండో కాలు. దానిమీద గుండ్రంగా, నిగనిగలాడుతూ రెండో ఎర్రచుక్క. చాలాసేపు దానివంక చూస్తూ కూర్చుంది. బయట ఎవరో కొత్త గిటారు శ్రుతి చేస్తున్నారు, చేతకాక ఒకే తీగని బిగిస్తున్నారు. తర్వాత రెండువేళ్ళతో కండెన్సర్‌ని పట్టుకుని కొంచెం తిప్పింది.

కాలు తిరిగింది. టంకం లోపల, కన్నంలో మేకు తిరిగినట్టు, సుళువుగా తిరిగింది. ఎర్రరంగు పెళుసుగా విరిగి బల్లమీద రాలింది. ఇన్నాళ్ళూ ఆ అతుకుని పట్టుకుని ఉన్నది గోళ్ళరంగే. వేడికి తీగ సాగినప్పుడల్లా రంగు కింద వెంట్రుకవాసి వదిలేది, చల్లారితే మళ్ళీ ఆనుకునేది. రంగు కింద సీసం మెరవట్లేదు. బూడిదరంగులో, గరుకుగా, పొరలుపొరలుగా ఉంది.

అలాంటి అతుకు ఎలా వస్తుందో ఆమెకి తెలుసు. ఎంతమంది కుర్రమెకానిక్కుల్ని తిట్టింది దాని గురించి! సీసం ఆరేలోగా తీగ కదిలితేనే అలా అవుతుంది. తీగ తనంతట తాను కదలదు. పట్టుకున్న చెయ్యి కదలాలి.

ఎర్రచుక్కమ్మ తన కుడి చేతివంక చూసుకుంది. ఇప్పుడది రాయిలా ఉంది.

వణికిందన్నమాట. ఆ రోజు వణికింది. లాగి చూడకుండా, చూస్తే ఏం తెలుస్తుందో అన్నట్టు, గబగబా చుక్క పెట్టేసింది. అది గుర్తు లేదు. గుర్తున్నది ఏడు పనులు, పెన్సిలు తేదీ, సాయంత్రం తల ఎత్తుకుని ఇంటికెళ్ళడం. ఏడుపు వచ్చింది, ఒక్క క్షణం. దాని వెనకాలే కోపం వచ్చింది, ఎవరిమీదో తెలీని కోపం. మొగుడిమీదనుకోవడానికి ఆయన మొహమే సరిగ్గా గుర్తు రావటం లేదు.

ఎవరూ చూడలేదు. ఊదితే ఎర్రపొడి ఎగిరిపోతుంది. చీటీలో కండెన్సర్ పాతబడింది అని రాస్తే ఈ ప్రపంచంలో అడిగేవాడు లేడు.

ఆమె ఊదలేదు. పాత సీసమంతా కరిగించి పీల్చేసింది. తీగ చివర గీకి మెరిపించింది. కొత్త కండెన్సర్ పెట్టి, టంకం వేసి, అది ఆరేదాకా ఊపిరి బిగపట్టి కదలకుండా కూర్చుంది. సీసం అద్దంలా మెరిసింది. పట్టకారుతో లాగింది. మళ్ళీ లాగింది. బల్ల కదిలింది గాని అతుకు కదల్లేదు.

ఐదింటికే గిటారాయన వచ్చేశాడు. ఊరికే కూర్చోలేకపోయి ఉంటాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. హోటలు భోజనాల గదిలో రోజూ ఏడింటికి వాయిస్తాడు. మెట్లకింద నడుం వంచి, గిటారు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు:

"ఆశ ఉందా అమ్మా?"

"వాయించండి. ఆపమన్నదాకా ఆపొద్దు."

ఆయన మొదలుపెట్టాడు. చిన్నయజమాని కూడా వచ్చి వంగి నిలబడ్డాడు, ఓ కన్ను పక్కన పెట్టించిన కొత్తదానిమీద ఉంచి. పది నిమిషాలు. పదిహేను. పద్దెనిమిదో నిమిషంలో గిటారాయన వేళ్ళు బెదురుగా మెత్తబడ్డాయి. "గట్టిగా!" అంది ఎర్రచుక్కమ్మ. ఇరవై. ఇరవై ఒకటి. ముగ్గురూ గడియారం వంకే చూస్తున్నారు. ఇరవై ఐదుకి ఆయన కళ్ళు మూసుకున్నాడు, తనకోసమే వాయించుకుంటున్నట్టు. నలభై నిమిషాలు దాటినా ఆ గొంతు దిగలేదు. గిన్నెలమీద మూతల్లాగా మెట్లచెక్కలు అదిరాయి.

"ఇంక చాలు," అందామె.

"ఏం పోయిందండీ ఇంతకీ?" అన్నాడు గిటారాయన, చెమట తుడుచుకుంటూ. "ఇద్దరు చూసి దీని పని అయిపోయిందన్నారు."

చిన్నయజమాని అందుకున్నాడు. "పాతసరుకు కదండీ, ఏదో ఒకటి పోతూనే..."

"ఏమీ పోలేదు," అంది ఎర్రచుక్కమ్మ. "ఒక టంకం సరిగ్గా వెయ్యలేదు. వేసింది నేనే. ఇరవై రెండేళ్ళ కిందట. ఆ రోజు నా చెయ్యి వణికింది."

"పిన్నీ!" అన్నాడు చిన్నయజమాని, గొంతు తగ్గించి. "అలా చెప్తే షాపు పేరు ఏమవుతుంది?"

"షాపు పేరు చెవుల్లో పెట్టుకునేవాళ్ళు చూసుకుంటార్లే, రేపట్నుంచి."

గిటారాయన వేళ్ళమీద లెక్కపెట్టాడు. "ఇరవై రెండేళ్ళు నిలబడిందా?"

"నిలబడింది."

"నా మోకాలు అన్నేళ్ళు నిలబడలేదమ్మా," అన్నాడాయన, చాలా గౌరవంగా.

ఎర్రచుక్కమ్మకి నవ్వు ముంచుకొచ్చింది. ఎన్నాళ్ళకో పొట్ట పట్టుకుని నవ్వింది. వణికిన చేత్తో వేసిన అతుకు ఇరవై రెండేళ్ళు పాడింది! ఎన్ని హోటళ్ళు, ఎన్ని పెళ్ళిళ్ళు, ఎందరి వేళ్ళు! వణకని చేత్తో వేసినవే ఇన్నాళ్ళుంటాయా?

చీటీ తీసుకుని మొదటి గడిలో టిక్కు పెట్టింది. లోపమేమిటి అన్నచోట 'పాత టంకం. వేసింది నేనే' అని రాసి సంతకం పెట్టింది. రేకుమీద ఆ పాత తేదీ కింద పెన్సిలుతో ఇవాళ్టి తేదీ వేసింది. చిన్నయజమాని వంగి లోపలికి చూశాడు.

"చుక్క పెట్టలేదేం పిన్నీ?"

"పెట్టను. తర్వాత విప్పినవాడు ముట్టుకుని చూసుకోనీ. రంగు చూసి దాటిపోవడం ఎందుకు?"

"మరి ఆ సీసా?"

"గోళ్ళకి పెట్టుకుంటా," అంది. సీసాని చేతిసంచిలో వేసుకుంది.

గిటారాయన ఆంప్లిఫయర్ని ఎత్తుకుని వెళ్ళాడు, వెళ్తూ దండం పెడదామంటే చేతులు ఖాళీ లేక తల వంచాడు. ఆరు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఎర్రచుక్కమ్మ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు తీసి, గరిటె కాడ సంచిలో దోపి, ఆప్రాన్ విప్పి మేకుకి తగిలించింది. చిన్నయజమాని ఏదో అనబోయాడు. "టేపు తెచ్చుకోరా," అంది. "ఇప్పుడు కొలుచుకో."

షాపు మెట్లు దిగి, రోడ్డుమీద నిలబడి, కూతురికి ఫోను చేసింది.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది. ఇదిగో విను. ఆ రోజు నా చెయ్యి వణికిందే."

అవతల వార్డు తలుపు మూసిన చప్పుడైంది.

"తెలుసమ్మా," అంది కూతురు.

"నీకెలా తెలుసు? ఆరేళ్ళదానివి!"

"ఆ పొద్దున బడికి పంపేముందు నాకు జడ వేశావు. మూడుసార్లు విప్పావు. మూడుసార్లూ వంకరే. ఆఖరికి అలాగే పంపించావు. బడిలో అందరూ నవ్వారు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"నువ్వంత గర్వంగా చెప్తుంటే ఎలా చెప్పను? నాకైతే ఇప్పటికీ వణుకుతుందమ్మా, చిన్నపిల్లల చెయ్యి పట్టుకుంటే. నీకు చెప్పడానికి సిగ్గేసేది."

ఎర్రచుక్కమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. పక్కనుంచి బస్సు పోయింది. ఎడమ చెయ్యి అలవాటుగా జేబు వెతుక్కుంది, దొరకలేదు. దాన్ని అలా గాలికి వదిలేసింది.

"వణికితే వణకనీవే," అంది గట్టిగా, దారినపోయేవాళ్ళు తిరిగి చూసేటట్టు. "వణికిందని పని మానానా?"

"మానలేదు."

"నువ్వు మానావా?"

"లేదమ్మా."

"మరింకేం! పెందలాడే రా. జడ వేస్తా, వంకరొస్తే అలాగే ఉంచుకుందువుగాని."

మెట్లకింద చిన్నయజమాని టేపు తీసి గోడకి ఆనించాడు. అడ్డంగా మేకుకి ఆప్రాన్ వేలాడుతోంది. కుడి జేబు చదునుగా బట్టకి అతుక్కుపోయింది. ఎడమ జేబు మాత్రం లోపల ఇంకా ఎవరిదో పిడికిలి ఉన్నట్టే ఉబ్బి ఉంది.